పుట్టుకతో వచ్చిన విద్య యనుట ఎంతవఱకు నిజము?

గొప్ప క్రీడాకారిణిని గూర్చి మన యిండ్లలో మాట వచ్చినప్పుడు పెద్దలనోట తఱచుగా వినవచ్చు వాక్యమొకటి గలదు. "అది వారికి పుట్టుకతో వచ్చిన విద్య, మనకెట్లు వచ్చును?" అందురు. పైకి వినుటకు ఇది మెచ్చుకోలే. కాని కొంచెమాలోచించి చూచినచో ఈ మెచ్చుకోలులో మనకు కావలసిన సౌకర్యము కూడ కొంత దాగియున్నది. ఆమెకు దైవమిచ్చినాడు, మన పిల్లకు ఇయ్యలేదు అనుకొన్నచో, మన పిల్లకొఱకు మనము చేయవలసినదేమియు మిగులదు గదా! ఈ నెల మా సోదరీమణులతో ఈ విషయమును గూర్చియే ముచ్చటింపదలచితిమి. పతకములు గెలిచిన దినమునాటి కథలు పత్రికలలో కావలసినన్ని వచ్చుచున్నవి. గెలువకమునుపు వారి దినములెట్లు గడచినవో, ఆ దినములలో ఇంటివారి చేయి ఎంతయున్నదో చూతము.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరమందు మేరీ మాహర్ అను బాలిక యుండెను. ఆమె ఈదునది బటర్‌ఫ్లై అను పద్ధతి. రెండు చేతులను ఒక్కమాఱే నీటిపైకి లేపి సీతాకోకచిలుక ఱెక్కలవలె ముందునకు విసరుచు ఈదుట. ఈతలలో ఇది మిక్కిలి అలసట గలిగించునది. 13 ఏండ్ల ప్రాయమున ఆమె, 200 మీటర్ల పందెములో ప్రపంచమున నెవ్వరును ఈదనంత వేగముగా తానీదవలెనని నిశ్చయించుకొనెను. అంత నిశ్చయము చేసికొన్న పిల్ల మఱునాటినుండి ఏమి చేసెను? కొత్త గురువును వెదకెనా? రాత్రింబవళ్లు నీటిలోనే యుండెనా? లేదు. తాను అప్పుడు మార్చుకొన్నవి ముఖ్యముగా రెండేయని ఆమె తరువాతికాలమున చెప్పెను. సాధనకు ప్రతిదినమును సరిగా వేళకు చేరుట యొకటి. కొలను అంచును తాకి వెనుకకు మరలునప్పుడు ప్రతిసారియు రెండుచేతులతో ఒక్కమాఱే తాకుట రెండవది.

"ఇంతేనా?" యని మా పాఠకురాండ్రు కొందఱు నవ్వవచ్చును. పందెములో రెండుచేతులతో తాకవలెననుట నియమమే. ఐనను సాధనవేళ చూచువారెవ్వరు? చాలమంది ఈతగాండ్రు అలసటచేత ఒక చేతితో తాకి మరలిపోవుదురు. ఈ బాలిక మాత్రము ఎవ్వరును చూడనప్పుడు కూడ సరిగా తాకుట మొదలుపెట్టెను. చుట్టునున్నవారికంటె ఒక మెట్టు మేలుగా చేయుట తనకట్లు అలవాటైనదని ఆమె తలంపు. 1979లో, 14 ఏండ్లకే, ఆమె అనుకొన్న ప్రపంచ రికార్డును సాధించెను. 1981లో 200 మీటర్లను 2 నిమిషముల 5.96 సెకండ్లలో ఈదగా, ఆ రికార్డు 2000వ సంవత్సరము వఱకు చెక్కుచెదరలేదు. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో ఆమెకు 3 బంగారు పతకములు లభించెను.

ఈ వృత్తాంతమును వ్రాసినవాడు డానియల్ ఛాంబ్లిస్ అను సమాజశాస్త్రజ్ఞుడు. ఆయన ఈతగాండ్రతో ఏండ్లతరబడి కలసిమెలసి తిరిగి, చూచినదంతయు 1989లో ఒక వ్యాసముగా ప్రకటించెను. గొప్పవారి గొప్పతనమునకు మూలమైన వింతవస్తువు ఏదో యుండునని వెదకిన ఆయనకు అట్టిది కనబడలేదట. కనబడినవన్నియు చిన్నచిన్న పనులే. చేయి నీటిలో దిగు విధము, మలుపు తిరుగు విధము, తినునది, నిద్రించు వేళ. ఒక్కొక్కటి విడిగా చూచినచో ఎవ్వరైనను చేయగలిగినదే. అన్నిటిని ప్రతిదినమును తప్పక చేయుట మాత్రము అరుదు.

ఈ కథలో మాకు మఱియొక సంగతి ముఖ్యముగా తోచుచున్నది. ఆ పిల్ల వేళకు కొలనుచేరుట తనంతతానుగా జరుగలేదు. బడి విడువగానే తల్లి ఆమెను కారులో ఎక్కించుకొని లూయీవిల్ వీధులవెంట కొంత తొందరగానే నడపుకొని పోయెడిదట. రికార్డుల పట్టికలో ఆ తల్లి పేరు ఉండదు. కాని వేళ తప్పకుండుటయే మొదటి మార్పయినప్పుడు, ఆ మార్పులో సగము తల్లిదే యని చెప్పుటకు మేము సందేహింపము.

ఇక "మా అమ్మాయియు ప్రతిదినమును చేయుచునే యున్నది, ఏమియు లాభము లేదు" అను తల్లులకు ఒక మాట. చేయుట వేఱు, సాధన వేఱు. వీణ నేర్చుకొను పిల్ల సాయంకాలము కూర్చుండి, వచ్చిన కీర్తననే మొదటినుండి చివఱవఱకు ఇంపుగా వాయించి లేచినచో ఇంటిల్లిపాదియు సంతోషింతురు. తడబాటు వచ్చు ఆ యొక్క సంగతిని మాత్రమే పట్టుకొని నలువదిమాఱులు వాయించినచో, "ఏమి ఈ గోల!" యని విసుగుకొందురు. విద్య పెరుగునది ఆ గోలలోనే. ముప్పది యేండ్లుగా పులిహోర చేయుచున్న ఇల్లాలి పులిహోర, పదవయేట ఎట్లుండెనో ముప్పదవయేటను అట్లేయుండుటలో తప్పులేదు, ఇంటికది చాలును. ఆటలో అది చాలదు. తప్పుపోవు చోటును వెదకి, ఆ చోటనే నిలిచి, దిద్దువారి కంటిముందు మరల మరల చేయవలెను. ఇది మనసుకు శ్రమ కలిగించునది గావున ఎక్కువసేపు సాగదు.

ఈ విషయమును ఆండర్స్ ఎరిక్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును బెర్లిను నగరములోని సంగీతవిద్యాలయమున పరిశీలించిరి. వారి వ్యాసము 1993లో వెలువడెను. వయొలిన్ విద్యార్థులలో మేటివారు 18 ఏండ్లు నిండునప్పటికి తాము ఒంటరిగా కూర్చుండి చేసిన సాధన సగటున 7,410 గంటలుండెను. సంగీతోపాధ్యాయులు కానున్న విద్యార్థులకు 3,420 గంటలే. ఈ లెక్కలు లోకమున బాగుగా ప్రచారమైనవి. వానినుండియే పదివేల గంటలు చేసినచో ఎవ్వరైనను మేటివారగుదురను మాట పుట్టెను. ఎరిక్‌సన్ తానట్లు చెప్పలేదని తరువాత స్పష్టముచేసెను. ప్రచారము కాని సంగతి మఱియొకటి యదే వ్యాసమున గలదు. మేటివారు సంగీతోపాధ్యాయులు కానున్న విద్యార్థులకంటె వారమునకు సుమారు 5 గంటలు ఎక్కువ నిద్రించిరి. మధ్యాహ్నము కునుకు తీయు అలవాటును వారిలోనే ఎక్కువ. మన యిండ్లలో పగలు కన్నుమూసిన ఆడపిల్లను సోమరి యందుము. ఆమె సాయంకాలపు సాధనకు బలము కూడబెట్టుకొనుచున్నదేమో చూడవద్దా?

అట్లని పుట్టుక యేమియు కాదని చెప్పుట సత్యదూరము. 2014లో బ్రూక్ మాక్‌నమారా మొదలగువారు అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కింపగా, ఆటగాండ్రమధ్య కనబడు హెచ్చుతగ్గులలో నూటికి 18 పాళ్లు మాత్రమే సాధనలోని భేదమునకు తగులుకొన్నవని తేలెను. ఎత్తు, ఎముకల కట్టు, గుండెబలము, దొరికిన గురువు, పుట్టిన ఊరు, తిన్న తిండి, ఇవన్నియు లెక్కలోనివే. ఐతే చిన్ననాడు పిల్లను చూచి ఈ పాళ్లను నిర్ణయింపగలవారెవ్వరు? శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరిని బక్కపలుచని పిల్లయని మొదట బరువులెత్తు శిక్షణకు తీసికొనలేదనియు, తల్లి శ్యామల పట్టుదల చేతనే నిలిచినదనియు చెప్పుదురు. ఆమె 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేత యయ్యెను. స్త్రీల బరువులెత్తు పందెమును ఒలింపిక్ క్రీడలలో తొలిసారి చేర్చిన 2000వ సంవత్సరమున సిడ్నీలో 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కంచు పతకము తెచ్చెను. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతస్త్రీ ఆమెయే. పుట్టుకను చూచి తీర్పుచెప్పువారు ఆనాడు ఎంత పొరబడిరో చూడుడు.

మా పాఠకురాండ్రలో పెక్కుమంది గృహిణులు గావున, ఫానీ బ్లాంకర్స్-కూన్ కథను కొంచెము విరివిగా చెప్పుట మాకు ఇష్టము. ఈమె హాలండు దేశస్థురాలు. 1936లో 18 ఏండ్ల ప్రాయమున బెర్లిను ఒలింపిక్ క్రీడలకు పోయి, పతకమేమియు లేక తిరిగివచ్చెను. పిమ్మట యుద్ధము వచ్చెను. 1940, 1944 సంవత్సరముల క్రీడలు జరుగనేలేదు. ఈలోపల ఆమెకు వివాహమయ్యెను. ఇద్దఱు బిడ్డలు కలిగిరి. 1948లో లండను క్రీడలు వచ్చునప్పటికి ఆమె వయస్సు 30. ఈ వయస్సున ఈమె పరుగెత్తుటయా యని కొందఱు హేళన చేసిరి. పొట్టి లాగు తొడిగి పరుగెత్తుట మాని, ఇంట బిడ్డలను చూచుకొనుమని ఆమెకు ఉత్తరములు వ్రాసినవారును గలరు. ఇట్టి ఉత్తరములు వ్రాయువారు ఏ దేశమునందైనను కఱవుగారు!

ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని మైదానమునకు పోయెడిది. వారు ఆడుకొనుచుండగా తాను సాధన చేసెడిది. దినమంతయు సాధనకిచ్చుటకు ఆమెకు వీలులేదు. కావున దొరికిన గంటలే ఆమె సొత్తు. ఇచ్చట మేము గమనింపుమని కోరునది, ఆమె వదలిపెట్టిన దానిని. ఎత్తు దుముకులోను, నిడుపు దుముకులోను నాటి ప్రపంచ రికార్డులు ఆమెవే. ఒక్కొక్కరు విడిగా పాల్గొనదగినవి 3 పందెములే గావున, ఆమె ఆ రెండు దుముకులను విడిచి పరుగులనే ఎన్నుకొనెను. ఆ క్రీడలలో నిడుపు దుముకునకు బంగారు పతకము తెచ్చిన దూరము ఆమె రికార్డుకంటె అరమీటరుకు పైగా తక్కువ! చేతనైన పనినెల్ల నెత్తిన వేసికొనుట మన స్త్రీలకు గుణముగా ఎంచబడుచున్నది. చేతనైనదానిని కూడ ఒక ఉద్దేశముతో వదలుకొనుట ఎంత కష్టమో, అది కూడ సాధనలో భాగమే యని ఈమెను చూచి మేము నేర్చుకొంటిమి.

100 మీటర్లు గెలిచెను. 80 మీటర్ల హర్డిల్స్ పరుగులో, అనగా అడ్డుకమ్ములమీదుగా దుముకుచు సాగు పరుగులో, ఇంగ్లాండు యువతి మారీన్ గార్డ్‌నర్‌తో సమానకాలమున చేరగా, ఛాయాచిత్రమును చూచి ఆమెనే విజేతగా నిర్ణయించిరి. ఆ తరువాత ఆమె మనసు క్రుంగెను. 200 మీటర్ల పరుగునకు ముందు, ఇక తనచేత కాదనియు, బిడ్డలమీదికి మనసు పోయినదనియు చెప్పి కంటతడి పెట్టెను. భర్తయే ఆమెకు శిక్షకుడు. ఆయన కసరలేదు, ఏడ్వనిచ్చి, పిమ్మట నచ్చచెప్పెను. ఆమె పోయి పరుగెత్తి ఆ పందెమును 0.7 సెకండ్ల యంతరముతో గెలిచెను. పిమ్మట నలుగురు కలసి పరుగెత్తు పందెములోను గెలిచి, మొత్తము 4 బంగారు పతకములతో ఇల్లుచేరెను. ఆంస్టర్‌డాం నగరవాసులు గుఱ్ఱపుబండిలో ఊరేగించిరి. ఇరుగుపొరుగువారు మాత్రము, ఇకమీదట ఇంత పరుగెత్త నక్కఱలేదని ఒక సైకిలును బహుకరించిరట.

ఇప్పుడు మన హైదరాబాదునకు వత్తము. పూసర్ల వెంకట సింధు తల్లిదండ్రులిద్దఱును వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కంచు పతకము పొందిన జట్టులోనివాడు. పుట్టుక, ఎత్తు, ఇంటి వాతావరణము, అన్నియు సింధునకు కలసివచ్చినవి. ఐనను గురువు పుల్లెల గోపీచంద్‌నకు ఆమెలో ఒక కొఱత కనబడెను. ఆమె మెత్తనిది. ఆటస్థలమున గొంతెత్తి అఱవలేదు. బ్యాడ్మింటనులో అఱపునకేమి పని యందురేమో. ఎదుటివానికి వెఱపు పుట్టించుటయు, తనకు తాను ఊపు తెచ్చుకొనుటయు ఆటలోనివే. గోపీచంద్ ఆమెను ఆటస్థలము నడుమ నిలిపి, తక్కిన క్రీడాకారులందఱు చూచుచుండగా గట్టిగా అఱవుమని ఆజ్ఞాపించెను. అఱవనిదే బ్యాటు ముట్టరాదనెను. ఆమెకు ఏడ్పువచ్చెను. తుదకు అఱచెను. 2016లో రియో క్రీడలలో ఆమెను చూచినవారికి ఆ గొంతు జ్ఞాపకముండియే యుండును.

ఈ వృత్తాంతము విన్నప్పటినుండి మేము దీనినే తలపోయుచున్నాము. బలమైన శరీరముగల పిల్ల, ఆటతెలిసిన తల్లిదండ్రులకు పుట్టినది, నోరెత్తుటకు ఏల అంత బాధపడెను? ఒక్క సింధు మాట కాదు. "ఆడపిల్ల గొంతు గడపదాటరాదు" అని మనము పలుకని దినమున్నదా? నవ్వినను మెల్లగా, నడచినను మెల్లగా! మెల్లదనము అందమే కావచ్చును. కాని పదేండ్లపాటు ఇంట నేర్పినదానిని ఒక గురువు ఒక్క మధ్యాహ్నమున ఏడిపించి మఱపింపవలసి వచ్చినచో, నేర్పినవారము మనము కొంత ఆలోచింపవలదా?

అదే రియో క్రీడలకు ముందు మూడు నెలలు సింధు చేత ఫోను లేదు, గురువు తీసిపెట్టెను. రియో చేరినపిదప ఆమెకు ప్రియమైన తియ్యని పెరుగును, ఐస్‌క్రీమును కూడ మాన్పించెను. వెండి పతకము వచ్చినతరువాత ఫోను తిరిగి ఇచ్చెదననియు, ఆమె ఇష్టము వచ్చినది తినవచ్చుననియు ఆయనయే పత్రికలవారికి చెప్పెను. సింధు 2019లో బాజెల్ నగరమున ప్రపంచవిజేత యయ్యెను. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో కంచు పతకమును పొందెను.

తిండిమాట వచ్చినది గావున కేరళదేశపు పి. టి. ఉష సంగతి చెప్పకుండ ముగింపజాలము. మేరీ మాహర్ 3 బంగారు పతకములు పొందిన ఆ 1984 లాస్ ఏంజిలిస్ క్రీడలలోనే ఉష 400 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తెను. మూడవదిగా చేరిన రుమేనియా వనిత కాలము 55.41 సెకండ్లు, ఉష కాలము 55.42. సెకండులో నూఱవపాలు! కనుఱెప్పపాటునకు ఇందులో ఎన్నియో యింతలు పట్టును. చాలకాలమునకు పిదప ఉష చెప్పినమాట యేమనగా, అచ్చటి ఆహారము తనకు ఇమడలేదు, తగిన పుష్టికరమైన తిండి దొరకలేదు, గంజియన్నము ఊఱగాయతో తిని పందెమునకు దిగితిని, చివఱి 35 మీటర్లలో ఆ కొఱత తెలిసినది, అని. ఆమె సాధనలో లోపము లేదు, కంచములో లోపముండెను. ఈ మాటను వంటయింటి పెత్తనము గల మనము వినవలసినట్లు వినవలెను.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మనదేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదు. రక్తము తక్కువైన పిల్ల నాలుగడుగులు పరుగెత్తి ఆయాసపడును. "దీనికి ఆటలు అచ్చిరావు" అని మనము తీర్పు చెప్పుదుము. పుట్టుకతో రాలేదను తీర్పునకు ముందు వైద్యునిచేత రక్తపరీక్ష చేయించుడు. హీమోగ్లోబిను 12 గ్రాములకు తక్కువయున్నచో కారణము తెలిసికొని మందిప్పింపుడు. తోటకూర, కందిపప్పు, శనగలు, నువ్వులు తఱచుగా పెట్టుడు. తినువారైనచో మాంసము, గ్రుడ్లు మేలు. ఆకుకూరపై నిమ్మరసము పిండినచో అందలి యినుము ఒంటికి బాగుగా పట్టును. భోజనముతోపాటు కాఫీగాని తేనీరుగాని త్రాగినచో పట్టదు, గంటసేపు ఆగవలెను. ఆటనుండి వచ్చిన పిల్లకు వేయించిన వేరుసెనగలు, అరటిపండు, మజ్జిగ సిద్ధముగా నుంచుట పెద్ద ఖర్చుగాదు.

పదవ తరగతి వచ్చినది, ఆట మాన్పింతుమా యని తల్లులు అడుగుచుందురు. పూర్తిగా మాన్పవద్దని మా సలహా. కాలమును తగ్గింపవచ్చును, దినమునకు ఒక గంట చాలును. ఆ గంట మాత్రము ఎల్లప్పుడు ఒకే వేళనుండవలెను. తెల్లవాఱుజామున లేపినచో నిద్ర తఱుగును, ఆ వయస్సువారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. కావున బడినుండి వచ్చినతరువాత 5 గంటలనుండి 6 గంటలవఱకు అనుకూలము. ఆ వేళ చుట్టములు వచ్చినచో కాఫీ పెట్టుటకు పిల్లను పిలువకుడు. ఇంట ఆమె యన్నగారున్నాడు గదా. అతనికి కూడ పొయ్యి వెలిగించుట తెలిసియే యుండును.